సున్నా చూడు అమ్మడూ

పెట్రోలు వాసన కూడా ఒక వాసనేనా అని కాలేజీలో స్నేహితులు నన్ను ఏడిపిస్తుంటారు గానీ, ఢిల్లీలో ధౌలా కువా నుంచి జనక్‌పురి వచ్చే దారిలో బంకు ముందు స్కూటీ ఆపగానే, ఎండకి మాడిన నేల మీంచి లేచే ఆ ఘాటు వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, నేను డిగ్రీ చదివే అమ్మాయిని కాను. నాన్న పాత స్కూటరు మీద, సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య నిలబడి, అద్దం కాడ గట్టిగా పట్టుకున్న ఆరేళ్ల అమ్మడుని అయిపోతాను.

ఆదివారం పొద్దున్నే నాన్న తలంటు పోసుకుని, తడి జుట్టు దువ్వుకుని, నన్ను స్కూటరెక్కించుకుని బంకుకి తీసుకెళ్లడం మా ఇంట్లో ఒక చిన్న పండగ. బంకులో దిగీ దిగకముందే, చుట్టుపక్కల నలుగురూ తిరిగి చూసేలా "ఫుల్ కర్ దో భయ్యా!" అని, ట్యాంకు నిండా పొయ్యమని కేకేసేవాడు. పైపు చేతిలోకి తీసుకున్న కుర్రాడు అలవాటుగా "జీరో దేఖ్ లీజియే సర్" అనేవాడు. మీటరు సున్నా మీద ఉందో లేదో చూసుకోమని. నాన్న ఒక్కనాడూ తను చూడలేదు, అది నా డ్యూటీ. "సున్నా చూడు అమ్మడూ. లెక్కంతా అక్కణ్ణుంచే మొదలు. దాని కింద ఇంకేమీ ఉండదు" అనేవాడు. నేను మునివేళ్ల మీద లేచి, కళ్లు చికిలించి, "సున్నాయే ఉంది నాన్నా!" అని అరిచాకే పెట్రోలు పోసేవాళ్లు. అబ్బో, ఆ క్షణంలో ఢిల్లీ అంతా నా మాట మీదే నడుస్తోందనుకునేదాన్ని!

మేము జనక్‌పురిలో ఒక రెండో అంతస్తు వాటాలో అద్దెకుండేవాళ్లం. మా బాల్కనీకి చేతికందేంత దగ్గరగా ఒక షహతూత్ చెట్టు, అదే మల్బరీ చెట్టుండేది. మార్చి నెల వచ్చిందంటే దాని పళ్లతో వీధిలో పిల్లలందరి నాలుకలూ, గౌన్లూ ఊదారంగులోకి మారిపోయేవి, ఆ మరకలు వదలక మా అమ్మ లలిత నన్నూ ఆ చెట్టునీ కలిపి తిట్టేది. మే నెలలో కూలర్‌లో తడిసిన వట్టివేళ్ల వాసన, చలికాలంలో మేడ మీద నీరెండలో చాప పరుచుకుని వలుచుకు తిన్న వేరుశనక్కాయలు, దీపావళికి అమ్మ చేసే కజ్జికాయలు, అవి పంచడానికి వెళ్తే ఏ ఇంటి ఆంటీ అయినా గుప్పెట్లో కుక్కే నువ్వులూ బెల్లం గజక్ ముక్కలు. ఉగాది దగ్గరికే అమ్మకి పెద్ద చిక్కు వచ్చిపడేది. ఢిల్లీలో వేపచెట్లకి లోటు లేదు గానీ అవి ఉగాది వెళ్లిపోయాక తీరిగ్గా పూస్తాయి. అందుకని ముందటేడు పువ్వు ఎండబెట్టి గాజు సీసాలో దాచి, ఆ పువ్వుతోనే పచ్చడి చేసేది.

నాన్నది కాకినాడ. చిన్నప్పుడు రేషను కొట్టు ముందు కిరసనాయిలు డబ్బా పట్టుకుని లైన్లో నిలబడడం ఆయన పని. చాలాసార్లు తన వంతు వచ్చేసరికి పీపా ఖాళీ అయిపోయేదట. ఆ దిగులు పెద్దయ్యాక కూడా వదల్లేదు. మా వంటింట్లో నూనె డబ్బా అడుగు కనిపిస్తే ఆయనకి నిద్ర పట్టేది కాదు. ఒకటి వాడుతుంటే ఇంకోటి సీలు తీయకుండా అటక మీద ఉండాల్సిందే. "ఇది ఇల్లాండీ, గోడౌనా?" అని అమ్మ విసుక్కుంటే, "నీకేం తెలుసే? నూనె వద్దన్నవాడు పుట్టలేదు, పుట్టబోడు, ఆయ్!" అని నవ్వేసేవాడు. నా ప్రతి పుట్టినరోజుకీ గొలుసో గాజులో కాకుండా, ఆయిల్ కంపెనీల షేర్లు నాలుగు కొనేవాడు. "నీ చదువుకి పనికొస్తాయి. లోకంలో బండి తిరిగినంతకాలం వీటికి ఢోకా లేదు" అనేవాడు. నాకేమో సైకిలు కావాలి, ఈయనేమో షేర్లు అంటాడు. ఒళ్లు మండిపోయేది నాకు.

నాన్న ఒక ట్రావెల్ కంపెనీలో లెక్కలు చూసేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా, ఇందిరాపురంలో ఇంకా గోడలు పూర్తికాని ఒక అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తున ఫ్లాటు బుక్ చేశాడు. ఇక ఆదివారాలు బంకు నుంచి ఇంటికొచ్చి, పులిహోర డబ్బా కట్టుకుని, మెట్రో ఎక్కి ఢిల్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి పోవడమే మా షికారు. లిఫ్టు లేక మెట్లెక్కి, సిమెంటు వాసనలో, ఇటుకల మీద కూర్చుని పులిహోర తినేవాళ్లం. ఒకరోజు నాన్న ఇటుక ముక్క తీసుకుని కటిక నేల మీద నలుచదరంగా గీతలు గీశాడు. "ఇదిగో, ఇక్కడ నీ మంచం. ఇక్కడ బల్ల. ఈ కిటికీలోంచి చూస్తే విమానాలు కనిపిస్తాయి." అప్పటిదాకా హాల్లో దివాను మీద పడుకునే నాకు, ఒక గది! ఆ గీతల మంచం మీద పడుకుని, లేవనని మొండికేశాను. వెళ్లేటప్పుడు అమ్మ నా వీపు మీది సిమెంటు దులుపుతూ కళ్లు తుడుచుకోవడం చూశాను. ఏడాదిలో ఇల్లు మాదైపోతుంది. మూడు నెలలకోసారి వాయిదా కట్టుకుంటూ పోవడమే.

ఆ ఏడాది ఉగాది రోజునే లాక్‌డౌన్ మొదలైంది. మామిడికాయ దొరకలేదు. అమ్మ ఆమ్‌చూర్, అంటే ఎండుమామిడి పొడి కలిపి, సీసాలో మిగిలిన వేపపువ్వు వేసి పచ్చడి అయిందనిపించింది. నాన్న ఫోనులో పంచాంగం చదివి, వచ్చింది శార్వరి అని చెప్పాడు. శార్వరి అంటే రాత్రి అని అమ్మకి తెలుసు. "పండగ పూట ఆ పేరేంటండీ" అని గొణిగింది. పచ్చడిలో చేదొక్కటే నాలుక మీద నిలిచింది.

విమానాలే ఎగరనప్పుడు ట్రావెల్ కంపెనీకి పనేముంటుంది? నాన్న జీతం సగం చేశారు. నెలాఖరుకి ఇందిరాపురం వాయిదా కట్టాలి, ఇంట్లో ఉన్న డబ్బు దానికి చాలదు. పుట్టినరోజు షేర్లు అమ్ముదామంటే అవీ పాతాళంలోనే ఉన్నాయి. కార్లు తిరగక, విమానాలు లేక, నూనె అడిగే నాథుడు లేక, ముడిచమురు ధర రోజురోజుకీ జారిపోతోంది. నాన్న కళ్లకి అది ఆపదలా కాదు, అదృష్టంలా కనిపించింది. ఇంత చవగ్గా నూనె మళ్లీ జన్మలో దొరకదనుకున్నాడు.

ఆయన కొన్నది నిజం నూనె కాదు. ఫోనులో జరిగే బేరం. చేతికి ఒక్క చుక్క రాదు, ధర పెరిగితే లాభం మనది, తగ్గితే నష్టం మనది. వాయిదా కోసం దాచిన డబ్బంతా బయానాగా పెట్టి, దానికి ఎన్నో రెట్ల సరుకు మీద బేరం కట్టాడు. "ఏవండీ, ఇంకా పడితేనో?" అని అమ్మ భయంభయంగా అడిగితే, "ఎక్కడికి పడుతుందే? మహా అయితే సున్నా. నూనె ఊరికే వస్తే మీ అమ్మ బిందె తెచ్చుకోదా?" అన్నాడు. ఆ మాటకి నేనూ నవ్వాను. పెద్దమ్మమ్మలూ అమ్మమ్మలూ బిందెలతో క్యూ కట్టినట్టు ఊహించుకుని మరీ నవ్వాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న మాకు పాలు పోసే భయ్యా మోటారు సైకిలుకి రెండు పక్కలా క్యాన్లు వేలాడేసుకుని వచ్చాడు. మిఠాయి కొట్లు మూత, టీ బడ్డీలు మూత. గేదెలకి లాక్‌డౌన్ లేదు కదా, అవి ఇస్తూనే ఉన్నాయి. గేటు దగ్గర నిలబడి, "దీదీ, ఔర్ లే లో. పైసే మత్ దేనా" అని, డబ్బులివ్వకపోయినా ఇంకొన్ని పాలు తీసుకోమని బతిమాలాడు. అప్పటికే మా ఇంట్లో ప్రతి గిన్నెలోనూ పాలో, పెరుగో, కోవానో ఉంది. పోసుకోడానికి గిన్నెల్లేవని అమ్మ బాల్కనీలోంచి చేతులు తిప్పుతూ, "నహీ భయ్యా, ఫ్రిజ్ ఫుల్ హై. బర్తన్ హీ నహీ హై!" అంది. వాడు చెమట తుడుచుకుని, "అచ్ఛా, దస్ రుపయే ఊపర్ సే మై దే దూంగా. అబ్ తో లే లో!" అన్నాడు. పాలు తీసుకుంటే ఎదురు పది రూపాయలు తనే ఇస్తాడట! అందరం పగలబడి నవ్వాం. నాన్న అయితే చేతిలో ఫోను పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. భయ్యా నవ్వలేదు. వీధి చివర కాలవ దగ్గర బండి ఆపి, క్యాను వంచి, పాలన్నీ పారబోసి వెళ్లిపోయాడు.

తర్వాత వచ్చిన సోమవారం నాన్న కట్టిన బేరానికి ఆఖరి రోజు. మామూలు రోజుల్లో ఆ వ్యాపారం రాత్రి పొద్దుపోయేదాకా నడిచేది, లాక్‌డౌన్ అని సాయంత్రం అయిదింటికే మూసేస్తున్నారు. అయిదింటిలోపు అమ్మేసుకుంటే నష్టంతో అయినా బయటపడేవాడు. ఇంతకంటే ఏం పడుతుందిలే, అమెరికాలో పొద్దు ఇంకా ఉంది, పుంజుకుంటుందని ఊరుకున్నాడు. అక్కడ ఆ రోజు చివరికి ఏ ధర పలికితే ఆ ధరకే ఇక్కడ లెక్క తేలుస్తారు.

మర్నాడు నేను లేచేసరికి నాన్న బాల్కనీలో వెదురు మోడా మీద కూర్చుని ఉన్నాడు. మొహం కూడా కడుక్కోలేదు. ఫోనులో ఎవరో హిందీలో గడగడా చెబుతుంటే, "హా జీ... హా జీ..." అంటున్నాడు. పెట్టేశాక అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"సున్నా కిందకి పోయిందంట లలితా."

"కిందకేంటండీ? అంటే?"

"నూనె ఊరికే ఇస్తామన్నా ఎవడూ పట్టుకెళ్లలేదంట. పెట్టుకోడానికి ట్యాంకులు ఖాళీ లేవంట. ఎదురు డబ్బులిచ్చి మరీ వదిలించుకున్నారంట."

అమ్మ ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. "మన పాలవాడిలాగానా?"

నాన్న అమ్మ మొహంలోకి చూశాడు. "కళ్లెదురుగా చూశాను కదే," అన్నాడు. "చూసి నవ్వాను కూడా."

పెట్టిన డబ్బు పోవడంతో ఆగలేదు, ఎదురు కట్టాల్సింది బోలెడంత తేలింది. నా పుట్టినరోజు షేర్లన్నీ అయినకాడికి అమ్మేశారు. స్కూటరు అమ్మేశారు. ఇందిరాపురం ఫ్లాటు వదులుకుంటే, బిల్డరు తన కోత తను కోసుకుని మిగిలింది చేతిలో పెట్టాడు. అదీ ఆ అప్పులోకే పోయింది. "తెలియని యాపారంలోకి దిగడం ఎందుకయ్యా" అని ఫోన్లు చేసి మరీ బుద్ధులు చెప్పిన చుట్టాలందరి మీదా నాకు ఇప్పటికీ కోపమే. నూనె ధర సున్నా కిందకి పోతుందని వాళ్లలో ఎవడికి తెలుసు? అంత జరిగినా బంకులో పెట్రోలు ధర ఒక్క రూపాయి తగ్గిందా? లేదు, పైగా పెరిగింది.

నాన్న మాటాడడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని గోడ వంక చూసేవాడు. అమ్మ మేడ తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. "అమ్మడూ, నీ ఆన్‌లైన్ క్లాసులు నాన్న పక్కనే కూర్చుని చేసుకో. బాత్రూమ్‌లో ఎక్కువసేపుంటే తలుపు కొట్టు" అంది. ఎందుకని నేనడగలేదు, నాకు తెలిసింది. లెక్కల టీచరు తెర మీద ఏవో చెబుతుంటే, నేను ఒక కన్ను నాన్న మీద ఉంచి, ఆయన ఊపిరి వింటూ కూర్చునేదాన్ని. షహతూత్ పళ్లు ఆ ఏడు ఎవరూ కోయక బాల్కనీ నిండా రాలి కుళ్లిపోయాయి. నేను ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. ఆ తర్వాత నేను ఆటలాడిన జ్ఞాపకం లేదు.

నాన్న బతికే ఉన్నాడు, ఒక మందుల డీలరు దగ్గర లెక్కలు రాస్తున్నాడు. ఆ మాట గట్టిగా చెప్పుకోవాలనిపిస్తుంది నాకు. షహతూత్ చెట్టుని కార్ల పార్కింగు కోసం కొట్టేశారు. మా అటక మీద ఇప్పుడు నూనె డబ్బా లేదు, నాన్న చిన్న ప్యాకెట్టు ఒక్కటే తెస్తాడు, అది పూర్తిగా అయిపోయాకే ఇంకోటి. మొన్నామధ్య స్నేహితురాలింటికి ఇందిరాపురం వెళ్లినప్పుడు ఆ అపార్ట్‌మెంటు ముందు నుంచే వెళ్లాను. ఆరో అంతస్తు బాల్కనీలో ఎవరివో పిల్లల యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. నాన్న గీసిన గీతలు వాళ్ల టైల్స్ కింద ఉండే ఉంటాయి.

నిన్న సాయంత్రం నాన్నని డ్యూటీ నుంచి ఎక్కించుకుని వస్తూ బంకులో ఆగాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొన్న స్కూటీ, చేతిలో మొదటిసారి కాస్త మిగులు. ఎన్నాళ్లనుంచో అందామనుకున్న మాట, నాన్నకి వినపడేలా అన్నాను. "ఫుల్ కర్ దో భయ్యా!"

"జీరో దేఖ్ లీజియే మేడమ్," అన్నాడు కుర్రాడు.

వెనక్కి తిరిగితే సీటు మీద నాన్న లేడు. ఎప్పుడు దిగాడో, టైర్లకి గాలి కొట్టే మిషను దగ్గరికి వెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

"నాన్నా, సున్నాయే ఉంది. ఒక్కసారి చూడు," అని అరిచాను.

ఆయన ఇటు తిరగలేదు. "నువ్వు చూశావుగా అమ్మడూ," అన్నాడు. "చాలు."