న్యా సెఫెరీనా పెట్టిన వరుస

అసున్సియోన్‌లో పాత రైలు స్టేషను ఎదుటి ప్లాసాలో పుస్తకాల కొట్లు పద్నాలుగున్నాయి. పదమూడింట్లో డబ్బిస్తే పుస్తకం ఇస్తారు. పద్నాలుగోది న్యా సెఫెరీనా ఓవెలార్‌ది. పెద్దావిణ్ణి మేం న్యా అంటాం. ఆవిడ దగ్గర డబ్బొక్కటే చాలదు, పరీక్ష కూడా నెగ్గాలి. నేను ఆవిడ కొట్టు పక్కనే రోలు వేసుకుని తెరెరే అనే చల్లటి ఆకు పానీయంలోకి పుదీనా, కొకూ ఆకు దంచి అమ్ముతాను. నా పేరు ట్రాన్సితో. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ గొంతు వింటూనే నా రోకలి ఆడుతోంది కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. కాదనేవాళ్ళు నా ఎదురుగా వచ్చి అనాలి.

పరీక్ష ఎందుకొచ్చిందో చెబుతాను. మా దేశంలో ఎవర్ని నిద్రలేపి అడిగినా శాపంతో పుట్టిన ఏడుగురు అన్నదమ్ముల పేర్లు పుట్టిన వరుసలో గడగడా అప్పజెబుతారు. పెద్దవాడు ఏడు కుక్కతలల బల్లి తేజు జగ్వా. కడగొట్టువాడు శ్మశానాల చుట్టూ తిరిగే కుక్కరూపు లూయిసోన్. మధ్యలో చిలకముక్కు పాము, దొంగ పాము, మధ్యాహ్నం పూట పడుకోని పిల్లల్ని ఎత్తుకుపోయే బంగారుజుట్టు జసీ జతెరే, పేరెత్తితే చాలు ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునే కురుపీ, గొర్రెబొచ్చుతో మందగా వచ్చి మనుషుల్ని తినే ఆవో ఆవో. విల్యారికా ఊరి రచయిత్రి మిర్తా ఫ్రెతెస్ ఈ ఏడుగురి మీదా ఏడు పుస్తకాలు రాసింది, ఎదిగే వయసు పిల్లల కోసం. ఆ తర్వాత, రాత్రిళ్ళు ఈలవేస్తూ తిరిగే రాత్రి దొర మీద మూడు మొదలుపెట్టింది. ఆ దొర అసలు పేరు నేను చెప్పను. పిలిస్తే వచ్చి కూర్చుంటాడు, వాడికి పొగాకూ సారా ఎవరు పెడతారు?

అన్ని పుస్తకాలూ ఒకే కథగా అల్లుకున్నవే. అట్టల మీద మాత్రం అంకె లేదు. ఏది ముందు చదివినా ఫరవాలేదని అచ్చువేసినవాళ్ళు చెప్పారట. వాళ్ళు చదివుండరు.

జనం ఏం చేశారు? పెద్దన్నతో మొదలుపెట్టారు. ఏ ఇంటికి వెళ్ళినా పెద్దవాణ్ణి పలకరించకుండా చిన్నవాడి దగ్గరికి పోయే అలవాటు మాకు లేదు మరి. మిర్తా ఏమో కడగొట్టువాడితో మొదలుపెట్టి పైకి రాసుకుంటూ వెళ్ళింది. పెద్దన్న పుస్తకం మొదటి పేజీలోనే మిగతా ఆరుగురిలో ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారో తేలిపోతుంది. ఇక చదవడానికి ఏం మిగిలింది? పిల్లలు మూతి ముడుచుకుని వచ్చి పుస్తకం బల్ల మీద పడేసి వెళ్ళేవారు. మిగతా కొట్లవాళ్ళు, మాకేం సంబంధం అన్నారు. న్యా సెఫెరీనా మాత్రం ఒక్కొక్కర్నీ స్టూలు మీద కూర్చోబెట్టి అడిగింది.

"ఎక్కడ కోపం వచ్చింది? ఎక్కడ ఏడ్చావు? ఏది ముందే తెలిసిపోయిందని ఒళ్ళు మండింది? నెమ్మదిగా చెప్పు, నాకేం తొందర లేదు."

రెండు నెలలు ఇదే పని. తర్వాత ఒక నల్లబల్ల తెచ్చి సుద్దతో వరుస గీసింది. పెద్దన్నతోనూ కాదు, కడగొట్టువాడితోనూ కాదు, మధ్యవాడు జసీ జతెరేతో మొదలు. "వాడు పిల్లాడు. పిల్లలు ముందు పిల్లాడితో స్నేహం చెయ్యాలి," అంది. ఆ తర్వాత లూయిసోన్, ఆవో ఆవో, అలా పైకి పెద్దన్న దాకా. రాత్రి దొర చివర. బల్ల మీద అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలే. చూసినవాళ్ళు ఎంత కళాహృదయం అనుకునేవారు.

ఆ వరుస తప్పకుండా ఉండడానికే పరీక్ష. ఒకరోజు టై కట్టుకున్న వకీలు ఒకాయన కారు దూరంగా ఆపి వచ్చాడు.

"రాత్రి దొర పుస్తకం ఇవ్వండమ్మా, మా అమ్మాయి పుట్టినరోజు."

"పెద్దన్నది చదివిందా?"

"చదివే ఉంటుంది."

"ఉంటుంది అంటే? కడుపు నిండే ఉంటుందని అన్నం పెట్టడం మానేస్తారా? అమ్మాయిని తీసుకురండి. కథ చెప్పమనండి. అప్పుడు ఇస్తాను."

"నేను డబ్బిస్తున్నాను కదా!"

"డబ్బు పక్క కొట్టువాళ్ళూ తీసుకుంటారు. వెళ్ళండి, పెద్దమనిషి, ఎండ ముదురుతోంది."

మర్నాడు ఆయన కూతురితో వచ్చాడు. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని గంటసేపు కథ చెబుతుంటే తండ్రి చేతిలో నా తెరెరే పట్టుకుని నోరెళ్ళబెట్టి విన్నాడు. వెళ్తూ తనకోసం జసీ జతెరే కొనుక్కున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. న్యా సెఫెరీనాకు చదవడం రాదు. కొట్టు ఆవిడ భర్త డాన్ ఎపిఫానియోది. ఆయన పుస్తకాల పురుగు, రోజూ సాయంత్రం భార్యకు చదివి వినిపించేవాడు. ఆయన పోయాక అందరూ కొట్టు అమ్మెయ్యమన్నారు. అమ్మితే ఆయన గొంతు కూడా పోతుందనిపించిందట ఆవిడకు. పుస్తకాల్ని అట్ట రంగుతో, బొమ్మతో, మూల చిరుగుతో గుర్తుపట్టేది. ఎవరైనా కాగితం చేతికిస్తే, "అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను," అనేది. ఆవిడకు కళ్ళజోడే లేదు. ఆ పరీక్ష కూడా ఎవర్నో పరీక్షించడానికి కాదు, కథ వినడానికి. ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒకసారి మున్సిపాలిటీ నోటీసు చదివిపెట్టినందుకు నాతో ఒట్టు వేయించుకుంది.

"ట్రాన్సితో, ఇది బయటపడిన రోజు కొట్టుకు తాళం వేసేస్తా. అక్షరం ముక్క రానిది పుస్తకాలమ్మిందంటే ఈ ప్లాసాలో తలెత్తుకు తిరగలేను."

నా నోరు ఎలాంటిదో ప్లాసాలో అందరికీ తెలుసు. అయినా ఆ ఒక్క ముక్క కడుపులోనే పెట్టుకున్నాను. అందుకు నా మీద నాకే బోలెడు గౌరవం ఉండేది.

కథల్లో ఆవిడకు ప్రాణం ముసలి తోమాసా. లూయిసోన్‌ను ఊరంతా రాళ్ళతో కొడుతుంటే వంటింటి గుమ్మం దగ్గర ఉడికించిన మండియోకా దుంప పెట్టే మోకాళ్ళ నొప్పి ముసలమ్మ. "వాళ్ళ అమ్మ కూడా అలా చూడలేదు వాణ్ణి," అని కళ్ళు తుడుచుకునేది. ఆవో ఆవో మంద తరిమితే తాటిలాంటి పిందో చెట్టెక్కినవాళ్ళే బతుకుతారని మా అందరికీ తెలుసు. తోమాసా ఆ చెట్టెక్కిన ఘట్టం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. వినీ వినీ నాకు కూడా నోటికొచ్చేసింది.

ఇలా సాగుతుండగా పదోది, ఆఖరిది వస్తోందని తెలిసింది. రచయిత్రి మిర్తా ఈ వరుస సంగతి ఎక్కడో విన్నదట. పుస్తకం మొదట న్యా సెఫెరీనా కొట్టు దగ్గరే ఇస్తాననీ, మొదటి పేజీ ఆవిడే అందరిముందూ పైకి చదవాలనీ కబురు పంపింది. కబురు తెచ్చినవాడు ప్రచురణవాళ్ళ కుర్రాడు, జుట్టుకు నూనె, చేతిలో మైకు. వాడు వెళ్ళాక ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"కొంప మునిగింది, ట్రాన్సితో."

"గొంతు పోయిందని చెప్పు."

"నా గొంతు పోయిందంటే ఎవరు నమ్ముతారే?"

నిజమే, ఎవరూ నమ్మరు. ఆ వారం ఆవిడ సరిగ్గా తినలేదు. కొట్టు తాళంచెవి ఎప్పుడూ జేబులో ఉండేది చేతిలోకి వచ్చింది.

శనివారం పొద్దున లపాచో పూలు రాలి ప్లాసా అంతా గులాబీ రంగు. వందమంది పిల్లలు, వాళ్ళ తల్లులు, చిపా రొట్టెల బుట్టలవాళ్ళు. ముందు వరుసలో పనాంబి నిలబడింది. ఆ పిల్ల పదమూడేళ్ళప్పుడు జసీ జతెరేతో మొదలుపెట్టి, ఇప్పుడు పద్దెనిమిది నిండి కూడా పరీక్ష తప్పించుకోని మొదటి శిష్యురాలు. మిర్తా సన్నగా, సిగ్గరిగా ఉంది. నల్లబల్ల ముందు చాలాసేపు నిలబడింది.

"నేను పెట్టాల్సిన వరుస ఇదే," అంది. "నాకు తట్టలేదు."

మైకు కుర్రాడు పుస్తకం తెరిచి న్యా సెఫెరీనా చేతిలో పెట్టాడు. "ఇక చదవండి, అవ్వా!"

ఆవిడ కళ్ళజోడు మాట ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. పుస్తకం టప్పున మూసింది.

"ఈ కొట్టులో వెనకటి పుస్తకం చెప్పందే ముందుది తెరవరు. రాసినావిడైనా సరే. ఏదీ, మిర్తా, తొమ్మిదోది చెప్పు."

జనం ఘొల్లున నవ్వారు. మిర్తా నవ్వి, "నేను రాసి మరిచిపోయానండీ. మీరే చెప్పండి," అంది.

హమ్మయ్య అనుకున్నాను నేను. చెప్పడమంటే ఆవిడకు పండగే. గొంతు సవరించుకుని ఎత్తుకుంది. రాత్రి దొర ఈల, నది ఒడ్డున లూయిసోన్ పరుగు, పిల్లలందరూ ముందుకు జరిగారు. "అప్పుడు తోమాసా రోకలి తీసుకుని తలుపు తెరిచి..." అనేసరికి మిర్తా చెయ్యెత్తింది.

"ఏ తోమాసా?"

"ఎంతమంది తోమాసాలున్నారమ్మా మీ కథలో? మండియోకా పెట్టే తోమాసా. పిందో చెట్టెక్కి బతికిన తోమాసా."

మిర్తా ముఖంలో నవ్వు పోయింది. "న్యా సెఫెరీనా, తోమాసా చెట్టెక్కలేదు. ఎక్కలేకపోయింది. ఆవో ఆవో పుస్తకంలోనే చనిపోయింది. ఆవిణ్ణి చంపి వారం రోజులు నాకు తిండి సయించలేదు."

 మైకు కుర్రాడు ఊరుకోలేదు. "అంటే ఈవిడ చదవనే లేదా?" అన్నాడు, మైకు తీయకుండానే. వాడి చేతిలో మైకు లాక్కుని రోట్లో వేసి దంచాలనిపించింది నాకు.

న్యా సెఫెరీనా వాడివైపు చూడలేదు. నావైపూ చూడలేదు. తాళంచెవి పిడికిట్లో బిగించింది. "చదవలేదు. నాకు చదవడం రాదు," అంది, వెనక వరుసకు కూడా వినబడేలా.

"తెలుసండీ," అంది పనాంబి.

ఆవిడ గిర్రున నాకేసి తిరిగింది. "నువ్వు చెప్పావా?"

"నేనా! నా నాలుక తెగిపడా, పందొమ్మిదేళ్ళు..."

"చెప్పినావిడ న్యా ట్రాన్సితో కాదు," అంది పనాంబి. "ఆవిడకు తెలుసని మాకు తెలీదు. ఆవిడ దగ్గర కూడా దాచాం, ఊరంతా చాటుతుందని."

ఇంతటి అవమానం నాకు ఎన్నడూ జరగలేదు. సరే, నా సంగతి వదిలేయండి.

"ఎప్పట్నుంచి?" అంది న్యా సెఫెరీనా.

"ఇక్కడి వరుసలో మూడోది, ఆవో ఆవో నుంచి. నేను చెప్పడానికి వచ్చాను. మీరు ముందే, మా తోమాసా ఎలా ఉందే అని అడిగారు. పుస్తకం మీ ఒళ్ళోనే ఉంది. చదవగలిగితే అడిగేవారు కాదు కదా. మీ ముఖం చూసి చచ్చిపోయిందని చెప్పలేకపోయాను. చెట్టెక్కిందని చెప్పేశాను."

"డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో!"

"అప్పుడదే తట్టింది."

"బతికితే మీరంతా ఆ పుస్తకానికి ఎందుకేడ్చారే అని అడిగితే, సంతోషంతో అన్నారు!"

పిల్లలందరూ చెప్పులకేసి చూసుకున్నారు. ఆ తర్వాతి కథల్లో తోమాసాను బతికించడానికి వాళ్ళు పడిన పాట్లు అప్పుడు బయటికొచ్చాయి. కొత్తగా చదివినవాణ్ణి కొట్టు దగ్గరికి రానిచ్చే ముందు అటు బెంచీ మీద కూర్చోబెట్టి, ఈ పుస్తకంలో తోమాసా ఏం చేసిందో అందరూ కలిసి తేల్చుకునేవారట. దొంగ పామును రోకలితో బాదినది ఒకడి ఊహ, చిలకముక్కు పాముకు పాటలు నేర్పింది ఇంకొకర్తె ఊహ. వకీలు కూడా ఉన్నాడు ఆ కుట్రలో! వెనక నిలబడి చెయ్యెత్తాడు సిగ్గులేకుండా. ఆరు పుస్తకాలు, వందమంది, ఒక్కరు కూడా నోరు జారలేదు.

మిర్తా కళ్ళు తుడుచుకుంటోంది. "నేను రాయలేకపోయిన ఆరు పుస్తకాలు," అంది.

న్యా సెఫెరీనా స్టూలు మీద కూర్చుంది. తాళంచెవి బల్ల మీద పడేసింది. తర్వాత ఏడ్చింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా, సొంత మనిషి పోయినట్టే. పనాంబి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది. నేను తెరెరే కలిపి ఇచ్చాను, ఆవిడ తాగలేదు.

"ఒంటరిగా పోయిందా?"

"లేదండీ. లూయిసోన్ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ చెయ్యి వదల్లేదు."

"ఆ పూట వాడికి అన్నం ఎవరు పెట్టారు?"

 అది రాయాలని మిర్తాకు తట్టలేదట. న్యా సెఫెరీనా ముక్కు చీదుకుని, ఒళ్ళోంచి పదో పుస్తకం తీసి పనాంబి చేతిలో పెట్టింది.

"మొదటి పేజీ తియ్యి. ఇక్కడే కూర్చుని పైకి చదువు, అందరూ వింటారు. ఈసారి ఎవరు చచ్చినా చచ్చినట్టే చదవాలి, తెలిసిందా?"