నూకరాజు వంతు పన్నెండు బొమ్మలు

నాకు ముక్కు మీద కోపమని రాయ్‌పూర్ స్టేషన్లో కూలీల దగ్గర్నుంచి మాస్టరు గారి దాకా అందరికీ తెలుసు. అలాంటి నాతో నూకరాజు పదిహేనేళ్లుగా స్నేహం నెట్టుకొస్తున్నాడంటే అది అతని గొప్పే గాని నాది కాదు. అతను నాకు చెప్పకుండా దాచిన ఒక కన్ను, నేను అతనికి చెప్పకుండా తిప్పిన ఒక మర, ఈ రెండూ కలిసి నూకరాజుకి ప్రాణమైన సరదాని కాస్తలో ఊడగొట్టేవి. ఆ సంగతే ఇది.

నూకరాజు పట్టాల మేస్త్రీ. పదిమంది గ్యాంగువాళ్లని వెంటేసుకుని మందిర్ హసౌద్ వైపు లైను చూసుకుంటాడు. పుట్టింది విజయనగరం పక్కన పల్లెలో, కాపురం గుఢియారీ వైపున్న రైల్వే క్వార్టర్లో. మనిషి పొట్టి, నవ్వు మాత్రం పెద్దది. ఇంట్లో ఆవిడ తాయారమ్మ వంకాయ కూర వండిందంటే వాసన పార్సెల్ ఆఫీసులో ఉన్న నాదాకా వస్తుందని అంటాడు. నేనేమో పార్సెల్ గుమాస్తాని, పేరు చిన్నారావు. మూడోవాడు పరదేశి, స్టేషన్ లాంపు రూములో పనిచేస్తాడు. సిగ్నలు దీపాలు తుడిచి, కిరసనాయిలు పోసి, వెలిగించి పంపడం అతని ఉద్యోగం.

యాభై ఒకటిలో ఇంగ్లండు వెళ్లిపోతున్న ఒక దొర తన జర్మనీ కెమెరా అమ్ముతానంటే ముగ్గురం కలిసి కొన్నాం. అరచేతిలో పట్టే రేంజ్‌ఫైండర్ కెమెరా. దాని పైన చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. అప్పుడు నొక్కితే ఫోటో తేటగా పడుతుంది. మొదటిరోజు దాన్ని చూసి మేం పడ్డ సంబరం చూసి, "ఇంతమంది మొగోళ్లు దానికి దిష్టి తీసేలాగున్నారు" అని తాయారమ్మ నవ్వింది.

రీలుకి ముప్పై ఆరు బొమ్మలు. తలా పన్నెండు. ముందు నేను, తర్వాత పరదేశి, ఆఖర్న నూకరాజు. ఆఖరి వంతు అతనే కోరుకున్నాడు. ఎంత అమాయకుడో అనుకున్నాను. ఆర్నెల్లు పోయాక తెలిసింది, రీలు చివర ఒక్కోసారి ముప్పై ఏడో బొమ్మ కూడా వస్తుందని! దానిమీద అతనితో రెండు రోజులు మాట్లాడలేదు నేను.

రీలు కడిగాక ఆదివారం మధ్యాహ్నం లాంపు రూము కిటికీలకి గోనెపట్టాలు కట్టి, ఎర్రద్దం సిగ్నలు దీపం వెలుగులో ప్రింట్లు వేసేవాళ్లం. నావన్నీ దూరంగా వచ్చే ఇంజన్లు. పరదేశివి చెట్లూ మబ్బులూను. మనుషుల మొహాలు తీసేది నూకరాజు ఒక్కడే. దగ్గరికి పోయి, నవ్వించి, తీసేవాడు. గ్యాంగులో పనిచేసే బంగారమ్మ ముసలి మొహం తీస్తే ఒక్కో ముడతా లెక్కపెట్టొచ్చు. నాకు లోపల అసూయగా ఉండేది. పైకి మాత్రం "నీకు నీడలూ వెలుగులూ తెలీవురా" అని తీసిపారేసేవాణ్ణి.

యాభై మూడు ఎండాకాలంలో లైను మీద కంకర కొడుతుంటే రాతిముక్క ఎగిరొచ్చి నూకరాజు కుడికంట్లో తగిలింది. నెల్లాళ్లు కట్టుతో ఉన్నాడు. తర్వాత డాక్టరు పనికి పర్వాలేదని రాసిచ్చాడు. "ఎలాగుందిరా కన్ను?" అంటే, "బేషుగ్గుంది యార్" అన్నాడు. మేం నమ్మేశాం.

ఆ తర్వాత రెండు రీళ్లలోనూ అతని బొమ్మలు అలికేసినట్టు వచ్చాయి. మావి బాగానే ఉన్నాయి. అతను మాత్రం ప్రింట్లు తిరగేసి బల్లమీద పెట్టి టీ తెస్తానని బయటికి పోయాడు. అప్పుడైనా నాకు బుర్ర వెలగాలా? వెలగలేదు. దూరపు బొమ్మలు బాగా వచ్చి దగ్గరివి పాడవుతున్నాయంటే కెమెరాలోనే లోపం ఉందని తీర్మానించేశాను. గడియారాలు బాగుచేసే సత్తిరాజు దగ్గర సన్న స్క్రూడ్రైవరు అడిగి తెచ్చి, భోజనాల వేళ పార్సెల్ ఆఫీసులో తలుపేసుకుని, ఆ కిటికీ పక్కనున్న మరని కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పాను. ఎవరికీ చెప్పలేదు. నూకరాజు బొమ్మలు మళ్లీ తేటగా వస్తే అప్పుడు చెప్పి నాలుగు మెచ్చుకోళ్లు కొట్టేద్దామని నా ఆశ.

కొత్త రీలు వేశాం. నా పన్నెండు, పరదేశి పన్నెండు అయ్యాయి. కెమెరా నూకరాజు చేతికి వెళ్లిన నాలుగో రోజున గుఢియారీ బజార్లో పాన్ దుకాణం మంగళూ నన్ను ఆపాడు. పాపం, మొహం వాడిపోయి ఉంది.

"తోర్ మిస్త్రీ హా మోర్ దుకాన్ లా కాబర్ నాపథే, బాబూ?"

మీ మేస్త్రీ నా దుకాణాన్ని ఎందుకు కొలుస్తున్నాడని వాడి గోల. నూకరాజు రోజూ వచ్చి దుకాణం మీద చెయ్యివేసి, అక్కణ్ణుంచి అంగలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడుస్తున్నాడట. రైల్వే వాళ్లు కొత్త లైను వేసి తన దుకాణం ఎత్తేస్తారని మంగళూ భయం. అలాంటిదేం లేదని ధైర్యం చెప్పి, నూకరాజుకి ఇదేం పిచ్చి అని నవ్వుకుంటూ వచ్చేశాను.

ఆదివారం ప్రింట్లు వేశాం. మొదట నా ఇంజన్లు. అన్నీ మసక. పరదేశి చెట్లు కూడా మసకే. ఆ తర్వాత నూకరాజువి తేలడం మొదలెట్టాయి. మంగళూ నవ్వు, పళ్ల మీది గార, నుదుటి మీద చెమట, అన్నీ కళ్లకి కట్టినట్టున్నాయి. పన్నెండుకి పన్నెండూ అంతే.

నేను చేసిన పని నాకు తెలుసు గదా, నోరు మూసుకోవాలి. మూసుకుంటే నేను చిన్నారావునెందుకవుతాను? కొంపలంటుకున్నట్టు అరిచాను. "ఏం చేశావురా కెమెరాని? మావన్నీ పాడైపోయి నీవే బాగా రావడం ఏమిటి?"

నూకరాజు తడి ప్రింటు జాగ్రత్తగా తీగకి తగిలించి అప్పుడు చెప్పాడు.

"నాను దాన్నేటీ సెయ్యనేదురా. ఆ కిటికీ కాసి సూడ్డమే మానీసినాను. రాయి తగిలిన కాణ్ణుంచి నాకా రెండు బొమ్మలూ కలవడం నేదు. ఎడం కన్ను ముందునుంచీ మందమే, దాంతో సూసినా తేలడం నేదు. అందుకని అంగలు నెక్కెట్టుకుంటన్నాను."

పట్టాల కింద స్లీపరు దుంగకీ దుంగకీ మధ్య రెండున్నర అడుగులు. ఇరవై ఏళ్లుగా వాటి మీద నడిచి నడిచి నూకరాజు అంగ కూడా కొలిచినట్టు అంతే పడుతుంది. మనిషిని ముట్టుకుని నాలుగంగలు వెనక్కి వేస్తే పదడుగులు. లెన్సు మీద అడుగుల అంకెలు చెక్కి ఉంటాయి. పది దగ్గర పెట్టి నొక్కడమే. కిటికీతో పనే లేదు.

"ఆ ముక్క మాకు సెప్పొచ్చు గదరా" అన్నాడు పరదేశి మెల్లిగా.

"సెప్తే ఏటవుద్ది? పాపం నూకరాజూ, నువ్వు కూకో, నీకోసం మేం తీస్తాం అంటారు. మీరు మంచోళ్లే, నాకు తెల్దా? కానీ మీరు తీసిన బొమ్మలు నాకెందుకు? నా పన్నెండు నాక్కావాల."

అంత సిగ్గుపడ్డ రోజు నా జన్మలో లేదు. మిత్రుడు కన్ను పోగొట్టుకుని మూడు నెలలు ఒక్కడే మథనపడితే, నేను కెమెరా మీద నేరం మోపి దాన్నీ చెడగొట్టాను. స్క్రూడ్రైవరు సంగతి మొత్తం కక్కేశాను. పరదేశి నేలమీద చతికిలబడి నవ్వడం మొదలెట్టాడు. నూకరాజు నవ్వుతూ నవ్వుతూ కుడికన్ను తుడుచుకున్నాడు.

మర్నాడే కెమెరాని చెక్కపెట్టెలో ఊకపోసి సర్ది, కలకత్తాలో బాగుచేసే కంపెనీ పేర లేబులు రాశాను. "పంపించీరా, మీ బొమ్మలు పాడైపోతన్నాయి" అని నూకరాజే చెప్పాడు. పెట్టెకి మేకులు కొట్టబోతుంటే పరదేశి కిరసనాయిలు చేతులతో పార్సెల్ ఆఫీసులోకి వచ్చాడు.

"ఇది బాగై వొస్తే నువ్వూ నానూ కిటికీలోంచి సూసుకుంటాం. ఆడొక్కడూ అంగలేసుకుంటాడు. ఇలాగే ఉంటే ముగ్గురికీ ఆడి నెక్కే గతి. ఆలోసించు."

దీపాలు తుడుచుకునేవాడికి తట్టిన ముక్క చదువుకున్న నాకు తట్టనందుకు పరదేశి మీద భలే కోపం వచ్చింది. ఆ కోపంలోనే లేబులు చింపి, కెమెరా బయటికి తీశాను.

పై ఆదివారం సన్నపట్టాల చిన్న రైలెక్కి అభన్‌పూర్ పోయాం. నేను కెమెరా పట్టుకుని ఇంజను ముందు నిలబడితే నూకరాజు అక్కడికీ ఇక్కడికీ నడిచి "పదిహేను" అన్నాడు. పరదేశి మోదుగు చెట్టుని తియ్యబోతే "ఇరవై, కాస్త ఎనక్కెల్లు" అన్నాడు. ఇద్దరం బుద్ధిమంతుల్లా అతను చెప్పిన అంకె పెట్టి నొక్కాం. ఇరవై నాలుగూ అయ్యాక అతను చెయ్యి చాపాడు.

"ఇటియ్యి. ఇంక నా వంతు."

మమ్మల్ని ప్లాట్‌ఫారం అంచున పక్కపక్కన నిలబెట్టాడు. నా గుండెల మీద అరచెయ్యి ఆనించి, అక్కణ్ణుంచి ఒకటీ, రెండూ, మూడూ అని పైకే లెక్కపెడుతూ వెనక్కి నడిచాడు. ఎండ కళ్లలో పడుతోంది. ముక్కు మీద ఈగ వాలింది.

"సిన్నారావూ, కదిలితే నెక్క తప్పిపోద్దిరా" అన్నాడు.

నేను కదల్లేదు.