కింద కూసునుడు

నిజామాబాద్‌ల మా వాడకట్టు ఆడోళ్లమంత పొద్దుగాలనే అరుగు మీద వరుసగ కూసోని, ఒళ్లె ఆకు, తంబాకు ఉన్న సాట పెట్టుకోని బీడీలు చేస్తం. ఇప్పుడు గా వరుసల నేను లేను. పక్కకు ప్లాస్టిక్ కుర్సిల కూసుంట. సాట ఒళ్లె నిలువది, జారుతది. వాళ్లు గుసగుసగ ఏమన్న చెప్పుకోని నవ్వితే, నా దాక రాదు.

తుంటి కీలు అరిగితే పట్నంల ఆపరేషన్ చేయించుకున్న. తొడ బొక్క కొసకున్న గుండు కోసేసి, లోపల కడ్డీ దించి కొత్త గుండు పెట్టిండ్రు. కాళ్లు మలిసి సక్లముక్లం కూసున్నా, బాగ వంగినా గుండు జారుతదట. ఇగ కుర్సే గతి.

తర్వాత బోధన్ దిక్కు చెరుకు ఏసే మా తమ్మునికి గదే రోగం, గదే డాక్టర్. వానికి మాత్రం గుండు కొయ్యలే. పైపైన చెక్కి లోహం టోపీ తొడిగిండ్రు. గది మానితే కింద కూసోవచ్చట.

"నాకెందుకు పెట్టలే సారూ?" అని అడిగిన.

"మీవి సన్న ఎముకలమ్మా. టోపీ కింద ఎముక మెడ విరిగే ప్రమాదం ఎక్కువ."

"వానికి లేదా?"

"ఉంది, మీకన్నా తక్కువ. లోహం రాసుకుని రక్తంలో కలుస్తుంది కూడా, పరీక్షలు చేయించుకుంటుండాలి. తేడా వస్తే మళ్లీ కోసి మీలాంటిదే పెట్టాలి."

గా ఆఖరి మాట నాకు కమ్మగ వినపడ్డది. ఒక్క తల్లి కడుపుల పుట్టినం, గట్టి బొక్కలు వానికే వచ్చినయా? రాత్రి పండుకున్నా గదే రంది.

మొన్న ఆడోళ్లంత అరుగు మీద బీడీలు చేస్తుండంగ వాడు మా ఇంటికొచ్చిండు. ఎక్స్‌రే, రక్తం మంచిగున్నయట, కింద కూసొమ్మన్నరట. వచ్చినోడు వచ్చినట్టే కుర్సి గుంజుకోని నా పక్కన కూసున్నడు.

"కింద కూసోవేందిర?"

"దైర్నం చాల్తలేదక్క. బొక్క మెడ విరిగితే?"

నాకు ఒళ్లు మండింది. ఇన్ని నెలలసంది వీని మీద ఏడ్సి సచ్చిన, వీడేమో గా టోపీని ఉత్తగ పడేస్తుండు.

"నాకు పెట్టి ఉంటే కిందికెళ్లి లేవకపోదును. దిగుర. నా కండ్ల ముంగట కూసో."

వాడు కుర్సి పట్టుకోని మెల్లగ అరుగు మీదికి దిగిండు. ఒక కాలు మలిసిండు, రెండోది మలిసిండు. ఏం కాలే. మొఖం నిండ నవ్విండు.

ఆడోళ్లు జరిగి వానికి జాగ ఇచ్చిండ్రు. గది నేను కూసునే జాగ.