లిమ్ గారు మాంసం మానేసిన వారం

సహోదరులారా, సహోదరీలారా, ఎనభైల మొదట్లో నేను నిచ్చెన చూస్తేనే గజగజ వణికిపోయే స్థితిలో ఉన్నాను. నవ్వకండి, మాది కోనసీమలో కొబ్బరి దింపు తీసే ఇల్లు, ఎంత పొడవు చెట్టయినా ఇట్టే ఎక్కేసేవాణ్ని, ఆ ధైర్యంతోనే కువైట్ వచ్చి, మంగఫ్‌లో కంపెనీ క్యాంపులో ఉంటూ, కట్టడాల చుట్టూ ఇనుప గొట్టాల పరంజా కట్టే పనిలో చేరాను. ఒకనాడు కాలికింద చెక్క జారి కింది వరుస మీద పడ్డాను. ఎముకలు విరగలేదు గాని గుండె చెదిరిపోయింది. మర్నాటి నుంచి నిచ్చెన మీద చెయ్యి వేస్తే చాలు, ఒళ్లంతా చెమటలు. కొన్నాళ్లు ఓపిక పట్టిన ఫోర్‌మన్ చివరికి, "శనివారం పొద్దున యల్లా, పైకి ఎక్కు. లేదా ఖలాస్, ఇంటికి పో" అన్నాడు. చెట్లెక్కేవాడు నిచ్చెనకు జడిసి తిరిగొచ్చాడంటే ఊళ్లో తలెత్తుకోగలనా? ముసుగేసుకుని ఏడ్చాను, అన్నం సయించలేదు.

నా గదిలో మలేషియా నుంచి వచ్చిన చైనీయులు ఇద్దరుండేవారు. క్యాంపు వంటవాడు లిమ్ గారు బుద్ధుణ్ని కొలిచే పెద్దాయన. ఆయన మంచం పక్కన చిన్న అర మీద క్వాన్ యిన్ అనే కరుణామాత బొమ్మ, కాలం చేసిన తల్లిదండ్రుల ఫోటో, వాటి ముందు నారింజపళ్లు, అగరొత్తులు ఉండేవి. అమావాస్యకూ పౌర్ణమికీ నీచు ముట్టేవారు కాదు. ఆయన మేనల్లుడు వోంగ్ అన్న మాత్రం ప్రభువును నమ్ముకున్నవాడు, ఆ తాతయ్య అమ్మమ్మల ఫోటోకు అగరొత్తి వెలిగించడు, కాని మామ మనసు నొచ్చుకోకుండా రోజూ దాని అద్దం శుభ్రంగా తుడిచి పెడతాడు.

నా అవస్థ చూసి ఇద్దరూ చెరో దారి పట్టారు. వోంగ్ అన్న ప్రతి సాయంత్రం నా భుజం మీద చెయ్యి వేసి చైనా భాషలో ప్రార్థించేవాడు, నాకు ముక్క అర్థం కాకపోయినా ప్రాణం కుదుటపడేది, అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆ రోజు జరిగే ఆరాధనకు కూడా తీసుకెళ్లాడు. లిమ్ గారేమో నేను పైకి ఎక్కేదాకా మాంసం ముట్టనని మొక్కుకున్నారు. క్యాంపు అందరికీ కోడి వేయించే మనిషి, ఆ వాసనలోనే నిలబడి ఉత్త ఆకుకూర తిన్నారు.

శనివారం నిచ్చెన ముందు నిలబడ్డాను. ప్రార్థన రాదు, వచ్చిన మాటలే చెప్పుకున్నాను: "అయ్యా యేసయ్యా, తమర్ని ఎలా పిలవాలో నాకు తెలీదండి, తప్పుంటే చమించండి. ఈ కాళ్లు నా మాట ఇంటం లేదండి, తమరోసారి చెప్పి చూడండి." వణుకు పోలేదు, కాని కాలు లేచింది, రెండో కాలూ లేచింది, దేవునికి స్తోత్రం, పైకి చేరి చూస్తే ఎదురుగా సముద్రం, నేను ఏడుస్తూనే నవ్వుతున్నాను, కింద వోంగ్ అన్న చేతులెత్తి హల్లెలూయ అంటున్నాడు.

మధ్యాహ్నం లిమ్ గారు పళ్లెంలో కోడికాలు పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. నన్ను ఎక్కించింది యేసయ్యేనని చెప్పాను. ఆయన నవ్వి, వచ్చీరాని హిందీలో, "మంచిది, ఆయన్ని గట్టిగా పట్టుకో. నన్ను మాత్రం తిననివ్వు" అన్నారు.

సాక్ష్యంలో విగ్రహాలు కొలిచే ఆయన ఊసెందుకని కొందరు నన్ను అడుగుతుంటారు. పక్కవాడి కోసం ఒక్క పూట నీచు మానని మనం ఆ మాట అడగడానికి కాస్త సిగ్గుపడాలి. ఆయనలో ఆ ప్రేమ పుట్టించింది కూడా మన దేవుడేనని నా నమ్మకం, ఆయన కోసం ఇప్పటికీ ప్రార్థిస్తాను.

మహిమంతా ప్రభువుకే. మీలో ఎవరికైనా కాళ్లు వణుకుతుంటే, వణుకు తగ్గాక పిలుద్దామని ఆగకండి. వణుకుతూనే పిలవండి. నేను పిలిచింది అలాగే.