ట్రీట్‌మెంట్ రూముకు కాపలా కాసిన సుబేదారు ఈరన్న

నిన్న పొద్దున ఆదోనిలో ఉగ్గాని తింటుంటే సెంటర్ వంటమనిషి ఫోన్ చేశాడు.

"మద్దిలేటన్నా, సుబేదారు సాబు లేడన్నా. నిద్దర్లోనే పోయినాడు."

నమ్మలేదు. పోవడం సంగతి తర్వాత, నిద్రలో అంటేనే నమ్మలేదు. నేను మొదట చూసిన ఈరన్న సుబేదారు ఏళ్ల తరబడి కన్ను మూయని మనిషి.

ప్లేటు పక్కన పెట్టేశాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హోటలాయన మిరపకాయ బజ్జీ ఘాటనుకుని గ్లాసుతో నీళ్లు తెచ్చిపెట్టాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య రోడ్డు పక్కన మాలాంటి మాజీ సైనికులకు ఒక సెంటర్ ఉంది. బాంబులూ చావులూ చూసి వచ్చి, ఇంట్లో కూడా ఉలిక్కిపడేవాళ్లం మేం. కొన్ని వారాలు అక్కడే ఉండి ట్రీట్‌మెంట్ తీసుకుంటాం.

జరిగిన ఘోరాన్ని కౌన్సెలర్ ముందు మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. మళ్లీ చెప్పాలి. భయంతో తప్పించుకు తిరిగే చోట్లకు కావాలనే పోవాలి. ఎవరో పుట్టించిన చిట్కా కాదు, పరీక్షించి పనిచేస్తుందని తేల్చిన పద్ధతి.

ఈరన్నకు గుంపంటే భయం. బార్డర్ దగ్గర ఒక సంతలో బాంబు పేలినప్పుడు పక్కనే ఉన్నాడు. అప్పటి నుంచి నలుగురు కనబడితే గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకున్న మనిషి, ఉరుకుంద జాతరకే పోలేడు.

అప్పటి కౌన్సెలర్ మేడమ్ ఆయనకు హోంవర్క్ ఇచ్చింది. జాతరకు పోయి కాసేపు ఊరికే తిరిగి రావాలి. అంతే.

"ఎస్ మేడమ్" అన్నాడు.

వచ్చి మా అందరినీ వరసలో నిలబెట్టి ఫాలిన్ చేయించాడు! నేల మీద సుద్దముక్కతో మ్యాపు గీశాడు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, నడుమ ఆయన. టెంకాయల అంగడి దగ్గర నిఘాకు ఒకడు. నా చేతికి విజిల్.

పోయాం. ఇసుక వేస్తే రాలని జనం. మేం దారి చేస్తూ పోతుంటే ఎవరో మంత్రి వచ్చాడనుకుని దండాలు పెట్టారు. ఒక ముసలమ్మ పింఛను రాలేదని సుబేదారు చేయి పట్టుకుంది. ఆయన కూడా "సూస్తాం లేమ్మా" అని మాటిచ్చేశాడు.

సాయంత్రం మేడమ్‌కు సెల్యూట్ కొట్టి "మిషన్ సక్సెస్" అన్నాడు.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సుబేదారు గారూ, మీరు జాతరకు పోలేదు. జాతర మీదికి దాడికి పోయినారు. రేపు మళ్లీ పోండి. ఒక్కరే పోండి."

పోయాడు, ఒక్కడే. చొక్కా మొత్తం చెమటతో తడిసి, బొరుగులు, బత్తాసులు కొనుక్కుని తిరిగొచ్చాడు. మాకందరికీ పంచాడు. మొహం మాత్రం పెళ్లికొడుకు మొహం.

అట్లా కొన్ని వారాలకు నిద్రపోవడం మొదలుపెట్టాడు. ఆ గురకకు మాకు నిద్ర లేకుండా పోయింది.

బాగైనవాడు ఇంటికి పోవాలి కదా? పోలేదు. వార్డెన్‌గా అక్కడే ఉండిపోయి మా ప్రాణం తీశాడు.

తర్వాత మేడమ్ దూరపు ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఇట్లాంటి సెంటర్లకు పట్టే తెగులే ఇది. నేర్చిన మనిషి పోతే ట్రీట్‌మెంట్ కూడా ఆ మనిషి వెంటే పోతుంది. మా సెక్రటరీ, ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే శెట్టిగారు, మంచివాడే. "టీవీ పెట్టిస్తా, క్యారమ్ బోర్డు తెప్పిస్తా, మనసు అదే కుదురుకుంటుంది" అన్నాడు. ఖాళీగా ఉన్న ట్రీట్‌మెంట్ రూములో బియ్యం మూటలు వేయమన్నాడు.

సుబేదారు మొదట మేడమ్ పని తనే చేద్దామనుకున్నాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. నేను నా సంగతి రెండు మాటలు చెప్పానో లేదో, "ఆడ నిలబడిండేదే తప్పు! చాటుకు పోయి కవర్ ఎందుకు తీసుకోలేదప్పా?" అని ఎగిరి పడ్డాడు. నేను ఏడ్చాను. నన్ను చూసి ఆయనా ఏడ్చాడు.

"ఇది మన పని కాదు మద్దిలేటీ. నేర్సినోళ్లే సెయ్యాల" అన్నాడు చివరికి.

ఆ రోజే రూముకు సెంట్రీ డ్యూటీ మొదలు. వంతులవారీగా గుమ్మం ముందు నిలబడ్డాం. మూటలు మోసుకొచ్చిన హమాలీలను "థమ్! కౌన్ ఆతా హై?" అని, ఆగు, ఎవరది అని పట్టాలం పద్ధతిలో ఆపాం. శెట్టిగారు వస్తే ఆయన్నీ ఆపాం. పాపం, చేతులు పైకెత్తేశాడు.

"ఏం గావాలప్పా మీకు?"

"మూటలు వంటింట్లో పడుంటాయి శెట్టిగారూ. నిద్దర పట్టనోడు యాడికి పోవాల? నేర్సిన మనిషి గావాల. ఒగరు పోతే ఇంకొగరు ఉండేట్ల ఇద్దరికి నేర్పియ్యాల" అన్నాడు సుబేదారు.

శెట్టిగారు చేతులు దించాడు. తర్వాత ఆ మేడమ్‌తోనే మాట్లాడి ఇద్దరికి ట్రైనింగ్ ఇప్పించాడు. వాళ్లు పద్ధతి తప్పకుండా ఉండేందుకు ఆమె ఇప్పటికీ వారం వారం ఫోన్లో అడిగి తెలుసుకుంటుంది. ఆ ఇద్దర్లో ఒకరైన కొత్త కౌన్సెలర్ సారు చేరిన రోజు మా సెంట్రీ ఆయన్ని కూడా ఎండలో నిలబెట్టాడు. క్షమించండి సార్.

నిన్న సాయంత్రం ఎమ్మిగనూరులో మట్టి చేశాం. అందరికంటే ఎక్కువ ఏడ్చింది శెట్టిగారే.

తిరిగొస్తుంటే వ్యానులో కౌన్సెలర్ సారు అడిగాడు, రేపు సెషన్లు ఆపేద్దామా అని.

వెనక సీట్లో కోడుమూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒకతను ఉన్నాడు. పేరు చెప్పను. సెంటర్లో చేరినప్పటి నుంచి జరిగిందేమిటో ఎవరికీ చెప్పనివాడు.

"ఆపొద్దు సార్. రేపు నాది ఉండాది. సెప్తా" అన్నాడు.

ఇప్పుడు ఆ ట్రీట్‌మెంట్ రూము తలుపు బయట కూర్చునే ఇది టైప్ చేస్తున్నా. మాటలు తెలియడం లేదు. లోపల అతని గొంతు మాత్రం వినబడుతోంది. మధ్య మధ్యలో ఆగుతున్నాడు, మళ్లీ మొదలుపెడుతున్నాడు.

జై హింద్ సాబ్. ఏ బాధా లేని చోట చల్లగా ఉండు.