అంకాలమ్మ పిలిచిన గరుడపక్షి

అంకాలమ్మ నోటికి గన్నవరంలో జడవనివాడు లేడు. చేప తాజాగా లేదన్న మనిషి వంశం మొత్తం ఆ పూట ఆవిడ నోట్లో పడాల్సిందే. మొగుడు పోయాక కొల్లేటి లంకల నుంచి బుట్టతో వచ్చేసి, విమానాల మైదానం కంచె పక్కన, రత్తయ్యగారి చేను గట్టు మీద కూచుని చేపలమ్మేది. ఆ గట్టు మీద బేరమే ఆవిడ బతుకు.

డెబ్బై ఆరులో వరికి దోమపోటు తగిలి రైతులు లబోదిబోమంటుంటే, పైనుంచి మందు చల్లడానికి ఓ బుల్లి విమానం వచ్చింది. నడిపేవాడు కృపానందం, గుంటూరు కుర్రాడు. దిగిన రోజునే కంచె దగ్గరకొచ్చి "పిన్నీ, ముళ్ళు తక్కువున్న చేప ఏదుంది?" అనడిగాడు. పిన్నీ అన్నాక ఇంకేముంది! ఆ రోజు నుంచి మంచి కొర్రమేను వేరే ఎవరికీ దక్కలేదు.

రైతులకు పెద్దదిక్కయిన రత్తయ్యగారికి భక్తి కాస్త ఎక్కువ. గరుడపక్షి కనబడితే చెంపలు తట్టుకుని దణ్ణం పెట్టందే అడుగు కదపరు. అంత మందు మోసుకుని లేచే విమానం శకునం చూడకుండా లేవడమేమిటని ఆయన బెంగ. "ఏమే అంకాలమ్మా, నీ చేపల పేగులు ఆ కంచె అవతల విసురు. పొద్దున్నే గరుత్మంతుడు తనంతట తనే వస్తాడు" అన్నారు. ఆహా, ఏం బుర్రండీ! చెత్త మోసే పని తప్పిందని అంకాలమ్మకీ నచ్చింది. ఇటికరంగు రెక్కలు, తెల్లటి రొమ్ము, రోజూ గరుడపక్షులు వచ్చి వాలేవి. రైతులు చెంపలు తట్టుకునేవాళ్ళు. విమానం లేచేది.

ఓ పొద్దున విమానం లేచీ లేవగానే ఒక పక్షి ఎదురొచ్చి అద్దానికి కొట్టుకుంది. కృపానందం పక్కకి తిప్పాడు. నిండుగా మందున్న విమానం ఒరిగిపోయి, రత్తయ్యగారి వరిచేలో బురదలో కూలబడింది. కుర్రాడికి చెయ్యి విరిగింది, ప్రాణం మిగిలింది. జనం ముందు అతన్ని బయటికి లాగారు, ఆ తర్వాత పక్షిని చూసి గొల్లుమన్నారు. రత్తయ్యగారు దాన్ని పసుపుబట్టలో చుట్టించి గట్టున పాతిపెట్టించారు. పగిలిన అద్దం మీద నెత్తురు కడిగించారు. పాపం ఊరికి చుట్టుకుంటుంది, ఎవరూ నోరెత్తొద్దన్నారు.

విచారణకి మద్రాసు నుంచి ఆఫీసరొచ్చాడు, తెలుగాయనే. ఇంజను విప్పించి చూశాడు, రెక్కలు చూశాడు, ఏ లోపమూ లేదు. ఊళ్ళో ఎవర్నడిగినా "తమరెలా అంటే అలాగేనండీ" అన్నారు. కృపానందమేమో "తప్పు నాదేనండీ, తొందరపడి తిప్పాను" అన్నాడు. అయితే లైసెన్సు రద్దు చెయ్యమని రాస్తానన్నాడు ఆఫీసరు. ఆ మాట గంటలో కంచె దాటి అంకాలమ్మ చెవిన పడింది.

వెర్రినాగన్న, పక్షిని చూసుండడు అనుకుంది. చెబితే కంచె పక్క బేరం పోతుంది, రత్తయ్యగారు గట్టెక్కనివ్వరు. చెప్పకపోతే పిల్లాడు మళ్ళీ విమానం ఎక్కలేడు. బేరానికొచ్చిన ఇద్దర్ని ఊరికే తిట్టిపోసింది. ఆఖరికి బుట్ట మూసి, చేతులు కూడా కడుక్కోకుండా విచారణ జరిగే వరండాలోకి పోయి నిలబడింది.

"అయ్యా, అడ్డమొచ్చింది గరుడపక్షండీ. పేగులేసి మేపింది నేను. కావాలంటే గట్టు తవ్వి చూసుకోండి."

అక్కడే ఉన్న రత్తయ్యగారి మొహం పాలిపోయింది. ఎవరు వెయ్యమన్నారని ఆఫీసరు రెట్టించినా అంకాలమ్మ రత్తయ్యగారి వంక చూడనైనా లేదు. "నా చేపలు, నా పేగులు. ఇంకోళ్ళు చెప్పేదేంటండీ?" అంది. అప్పుడిక ఆయనే కండువా చేతిలోకి తీసుకుని, "చెప్పింది నేనేనండీ" అన్నారు.

గట్టు తవ్వితే పసుపుబట్టలో పక్షి, దాని ఈకల్లో విమానం అద్దం ముక్కలు దొరికాయి. ఆఫీసరు కృపానందం వైపు తిరిగాడు.

"నువ్వు చూడలేదా?"

"చూశానండీ" అన్నాడు కృపానందం తల దించుకుని. "ఎవరు మేపుతున్నారో కూడా తెలుసు. చెబితే ముందు పోయేది పిన్ని బేరమే కదండీ."

అంకాలమ్మకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "ఓరి సచ్చినోడా! నా బుట్టకి బెజవాడ దాకా ఎక్కడ దింపితే అక్కడే చోటు. నీ ఇమానానికి ఆకాశం తప్ప ఇంకెక్కడుందిరా?"

పక్షులు వాలుతున్నాయని తెలిసీ ఎగిరినందుకు ఆఫీసరు కుర్రాడికి నాలుగు చీవాట్లు పెట్టాడు, లైసెన్సు జోలికి మాత్రం పోలేదు. కంచె చుట్టుపక్కల చేపలమ్మకూడదని ఆర్డరేశాడు. ఆ సాయంత్రం అంకాలమ్మ గట్టు ఖాళీ చేస్తుంటే, బాగున్న చేత్తో కృపానందం బుట్ట ఒక పక్క పట్టాడు. రెండో పక్క ఎవరా అని చూస్తే రత్తయ్యగారు. ఇద్దరూ కలిసి ఆవిడ తలకెత్తారు.

"దూరంగా ఉండండయ్యగారూ, పంచెకి వాసనంటుద్ది" అంది అంకాలమ్మ.

"అంటనీవే" అన్నారాయన.