నెట్ ఆగినప్పుడు అమ్మిన ఆవు

మా ఆవుకు తెలుగు తప్ప మరో భాష రాదు. అది దాని తప్పు కాదు. తమిళనాడు ధర్మపురిలో గడప దాటితే మేం తమిళమే మాట్లాడతాం గానీ, ఇంట్లోనూ కొట్టంలోనూ తెలుగే. పితికేటప్పుడు "జరుగమ్మా, నిలబడు తల్లీ" అంటేనే అది పాలు చేపుతుంది, లేకపోతే బిగబట్టేస్తుంది. ఆ సంగతి చెప్పకుండా మా ఆయన ఒకసారి ఫోనులో వీడియో పెట్టి దాన్ని సేలం వైపు అమ్మేశాడు. చుక్క పాలివ్వలేదంటూ వాళ్లు వారం తిరక్కుండా తెచ్చి దించిపోయారు. డొక్కలు లోపలికి పోయిన ఆవును చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని నాలుగు మాటలు అన్నాక గానీ ఆ ఏడుపు ఆగలేదు.

కానీ కొట్టంలో ఇంకో ఆవు కూడా ఉంది, రెండింటి చాకిరీకి నా మోకాళ్లు మొరాయించాయి. దాన్ని మళ్లీ అమ్మక తప్పలేదు. సరిగ్గా అప్పుడే పక్క తాలూకాలో ఏదో గొడవ జరిగి, వదంతులు పాకకుండా సర్కారు జిల్లా అంతటా నెట్ ఆపేసింది. వీడియో పెట్టే దారి లేక ఆయన ముఖం వేలాడేసుకున్నాడు. ఈసారి కొనేవాళ్లను కళ్లారా చూసి ఇవ్వొచ్చని నేను లోలోపల సంబరపడుతూ ఆయనతో కలిసి ఆవును సంతకు తోలాను.

ఫోనుతో డబ్బు వేయించుకునే స్కాన్ అట్టతో టీ కొట్టాయన ఈగలు తోలుకుంటున్నాడు. పొద్దున్నే ఏటీఎంలు ఖాళీ అయ్యాయట. చిల్లర ఉన్నవాడే ఆ రోజు మహారాజు.

నోట్లకట్టతో వచ్చిన ఒక దళారి, తువ్వాలు కింద మా ఆయన వేళ్లు పట్టుకుని, ధర పక్కవాళ్లకు తెలియకుండా బేరం మొదలెట్టాడు. ఇంతలో కంబైనల్లూరు నుంచి వచ్చిన ఒకామె ఆవు డొక్క మీద చెయ్యేసి "జరుగమ్మా" అంది. ఆవు జరిగింది! నా ప్రాణం లేచొచ్చింది.

"మీ ఇంట్లోనూ తెలుగేనా?"

"తాతల నాటినుంచీ అక్కా. సదివేది మాత్రం రాదు," అని నవ్వింది. "ఆ దళారి ఎంతిస్తే నేనూ అంతే ఇస్తా. కానీ కాసు అంతా సెల్లులో ఉండాది. నెట్టు వచ్చినాక ఏస్తా."

మా ఆయన నన్ను పక్కకు లాగాడు. "చేతిలో కాసు పెట్టేవాణ్ణి ఇడిసి, ముక్కూ మొగం తెలీని ఆమెకు తోలిస్తావా? పిచ్చి పట్టినాదా నీకు?"

"ఆ కాసు కోసరం అది మళ్లా ఎండిపోవాల్నా?" అని సంతంతా వినేలా అరిచి, ఆమెతో ఫోను నంబర్లు మార్చుకుని, పలుపు ఆమె చేతిలో పెట్టాను.

ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు హాయిగానే ఉంది గానీ, నా ధ్యాసంతా ఆవు మీదే. ఆవు ఎలా ఉందో అడగాలని ఉన్నా, డబ్బు కోసం చేశాననుకుంటుందేమోనని ఆమెకు ఫోను చేయలేదు.

నాలుగో రోజు నెట్ వచ్చింది. డబ్బు మధ్యాహ్నానికి పడింది గానీ, అంతకంటే ముందే, పొద్దున్నే, ఆమె పంపిన వీడియో వచ్చింది. "నిలబడు తల్లీ" అంటూ ఆమె పితుకుతోంది. బకెట్ నిండా నురగ.

ఫోను మోత విని వాకిట్లోంచి మా ఆయన మౌనవ్రతం వదిలేశాడు. "కాసొచ్చినాదా?"

"పాలిచ్చినాది!" అని అరిచాను.